రక్తం చెప్పే వంశ చరిత్ర



మన వంశ చరిత్ర పుస్తకాల్లో పుట్టింది కాదు. ఆదిలాబాద్ అడవుల్లో గోండుల పుట్టుకనూ, సగలనూ, గోత్రాలనూ, పెర్సాపేన్ కథలనూ ప్రధాన్‌లు కిక్రీ వాయిస్తూ పాడి తరతరాలకు అందించారు. అయితే ఆ పాటల్లో లేని వారసత్వం ఒకటి మన రక్తంలో నడిచి వచ్చింది. అదే సికిల్ సెల్.

1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెర్రిక్ ఒక రోగి రక్తంలో కొడవలి ఆకారపు ఎర్రకణాలను గుర్తించి లోకానికి తెలిపాడు. ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుందని, లోపం హిమోగ్లోబిన్‌లో ఉందని 1949లో తేలింది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించారు. ఆ తర్వాత మధ్య భారతంలోనూ, మన తెలుగు ఏజెన్సీల్లోనూ బయటపడింది.

మనకే ఎందుకు? దీనికి జవాబు ఆఫ్రికాలో దొరికింది. ఈ జన్యువు ఒక్కటే ఉన్న పిల్లలకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపాడు. చలిజ్వరం ఊళ్లను ఖాళీ చేసిన అడవుల్లో అలాంటి పిల్లలు ఎక్కువగా బతికారు. వారి సంతానం ద్వారా ఆ జన్యువు నిలిచింది. కాబట్టి ఇది శాపమూ కాదు, దేవర కోపమూ కాదు. మన పూర్వీకులు చలిజ్వరాన్ని దాటి బతికారనడానికి గుర్తు.

కష్టమల్లా అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ బిడ్డకు చేరినప్పుడే. ఒళ్లు విరిచే నొప్పులు, కామెర్లు, రక్తహీనత వస్తాయి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అందులో తల్లి వాటా ఎంతో తండ్రి వాటా అంతే. అయినా చాలా ఇళ్లల్లో నింద కోడలి మీదే పడుతుంది. బిడ్డ పోయిన దుఃఖం ఎవరికీ చెప్పుకోలేక ఆమె లోపలే కుమిలిపోతుంది. ఆ భయం, ఆ మౌనం చూస్తూ పెరిగిన పిల్లలు కూడా జబ్బును దాచడమే నేర్చుకుంటారు. జన్యువులాగే మౌనం కూడా తరం మారుతుంది.

పెళ్లి మాటలప్పుడు మన పెద్దలు సగ అడుగుతారు. మంచి ఆచారం. కానీ సగ తండ్రి వైపు నుంచి వస్తుంది, ఈ జన్యువు ఇద్దరి నుంచీ వస్తుంది. సగ వేరైనంత మాత్రాన రక్తంలో తేడా ఉండాలని లేదు. మేనరికంలో అయితే ఒకే జన్యువు రెండు వైపులా ఉండే అవకాశం మరింత ఎక్కువ.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేయడం దాని లక్ష్యం. పరీక్షకు కావలసింది కొద్దిపాటి రక్తం. జబ్బు ఉన్నవారికి హైడ్రాక్సీయూరియా వంటి మందులు ఉన్నాయి. వాహకులు మనలాగే మామూలుగా బతుకుతారు, వారిని వేరుగా చూడకూడదు.

సగ అడిగిన నోటితోనే ఇకపై రక్తపరీక్ష కార్డు కూడా అడుగుదాం. ముందు మన కార్డు చూపి అడుగుదాం. పూర్వీకులు ఇచ్చిన రక్తాన్ని మార్చలేం, మౌనాన్ని మాత్రం మన తరంతోనే ఆపగలం.