తెర ఎనకనుంచి తెర ముందుకు

దగ్గరికి జరుగు పాపా, ఇంకో కందికట్టె మంటలోకి తొయ్యి. పది మందిని ఎంటబెట్టుకోని సినిమా తీస్తానంటివి, వాళ్లను ఎట్ల నడపాల అని అడిగితివి. ఆ ఇద్య బాగా తెలిసినోళ్లు మన కడప జిల్లాలోనే పుట్టినారు. సురభి నాటకాలోళ్ల కత చెప్తా, ఇను.

చక్రాయపేట మండలంలో సురభి అని ఊరుండాది. పాత పేరు సొరుగు. వనారస అనే ఇంటిపేరోళ్లు అప్పట్లో ఊరూరా తిరిగి తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. 1885లో ఆ ఊర్లో పెండ్లికి, వనారస గోవిందరావు వాళ్లు బొమ్మలు పక్కనబెట్టి, తామే ఏషాలు కట్టి కీచకవధ ఆడినారు. తరతరాలుగా తెర ఎనక నిలబడి బొమ్మల్ని ఆడించినోళ్లు ఆ రాత్రి తెర ముందుకొచ్చినారు. బొమ్మకు గొంతిస్తే సాలదు ఇంగ. నడక, చూపు, నిలబడే తీరు, అన్నీ అ ఆల కాణ్ణుంచి నేర్చుకోవాల. నేర్చుకున్నారు.

ఆ కాలంలో ఆడ ఏషం గూడా మగోళ్లే కట్టేవాళ్లు. సురభోళ్లు ఇంటి ఆడోళ్లనే స్టేజీ ఎక్కించినారు. నలుగురూ ఏమంటారో అని ఆగలేదు. ఆ కుటుంబంలో పుట్టిన కమలాబాయి చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు ఏషాలు కట్టింది. పెద్దయినాక తెలుగులో మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయ్యింది. పుట్టినప్పట్నుంచి స్టేజీ తెలిసిన మనిషి, కెమెరా ముందు మళ్లీ కొత్తగా నిలబడింది.

మా చిన్నతనంలో సురభోళ్ల నాటకాల కంపెనీ వచ్చి రేకుల షెడ్డు కట్టినారంటే, చుట్టుపక్కల పల్లెలోళ్లు బండ్లు కట్టుకోని మైదుకూరికి వచ్చేవాళ్లు. బ్రహ్మంగారి మఠం మనకు దగ్గర గదా, ఆయన నాటకమంటే ఇంగ జనం ఆగేవాళ్లు కాదు. నేను పగటిపూట పోయి వాళ్ల పనులు చూస్తాంటి. రాత్రి కిరీటం పెట్టుకునే ఆయన పగలు గుంతలు తీసి గుంజలు నాటుతాండె. ఒక ముసలామె హార్మోనీ ముందర పిల్లను కూచోబెట్టుకోని పద్యం చెప్పిస్తాండె.

వాళ్ల మాయాబజారు నాటకంలో ఘటోత్కచుడు గాల్లో లేచేది తీగ మీద. తీగ పట్టుకున్నోడు ఒక్క గడియ ఏమరినా పైనున్నోని పానానికే ముప్పు. అందుకని ఏషం కట్టేటోడికి తీగ లాగేది తెలుసు, తీగ లాగేటోడికి పద్యం తెలుసు. బాలకృష్ణుడిగా మొదలుపెట్టినోడు లవుడో కుశుడో అవుతాడు, ఈడొచ్చినాక రాముడవుతాడు, సత్తువ తగ్గినాక తెరల కాడికో రంగుల కాడికో వస్తాడు. ఏ వయసుకు ఆ పని నేర్చుకుంటానే ఉండాల.

కుటుంబం పెరిగేకొద్దీ పిల్లలు యేరుగా కంపెనీలు పెట్టినారు. ఒక కాలాన ముప్పైకి పైగా ఉండె. కంపెనీని సొంతంగా నడపగల మనుషుల్ని తయారుచేసిన పెద్దోళ్లు వాళ్లు. వాటిల్లో ఒకటయిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి 1937లో మొదలయింది. దాన్ని నడిపిన బాబ్జీకి, అంటే రేకందార్ నాగేశ్వరరావుకు, 2013లో పద్మశ్రీ వచ్చింది.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇంకోటుండాది. 1990ల్లో కర్ణాటకనుంచి నాటక దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వాళ్లతో ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించినాడు. యాదమ్మ కత జర్మనీ ఆయన బ్రెహ్ట్ రాసిన నాటకంలోది. నూరేండ్లు దాటిన ఇంటోళ్లు, మాకు తెలీందేముంది అనొచ్చు. అనలేదు. కొత్త పద్ధతికి ఒళ్లు వంచినారు.

సినిమాలు, టీవీలు వచ్చినాక శానా కంపెనీలు మూతబడినాయి. అది వాళ్ల ఇద్యలో కొరత కాదు, కాలం అట్లొచ్చింది. ఇప్పటికీ ఆడేవాళ్లుండారు, వాళ్లకు చెయ్యెత్తి దండం పెట్టాల.

నీ కాడ పనిచేసే పది మందిలో నీకు రాని పని వచ్చినోళ్లెవరో మొదట కనుక్కో పాపా. లైటు పట్టుకునే పిల్లోడయినా సరే, పక్కన కూచోని నేర్చుకో. నీకొచ్చింది వాళ్లకు దాచకుండా చెప్పు. నువ్వు లేని రోజు గూడా పని ఆగకుండా నడిచిందనుకో, అప్పుడు నువ్వు పది మందిని నడిపినట్టు లెక్క.