మకాం వేసిన చూపు

హైదరాబాదు ప్రాంతంలో ఆరుబయట కూర్చుని బొమ్మ వేసే అలవాటు ఎలా వచ్చిందంటే మనకు అలవాటైన జవాబు ఒకటుంది. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తైలవర్ణాన్ని తగరపు గొట్టంలో నింపి మూత బిగించే ఉపాయం కనిపెట్టాడు. దాంతో రంగుల్ని సంచిలో వేసుకుని ఎక్కడికైనా వెళ్లడం సులువైంది. ఫ్రాన్సులో బార్బిజాన్ చిత్రకారులు అడవి అంచున, వారి తరువాత మోనే తరం నది ఒడ్డున ఈజిళ్లు నిలబెట్టారు. ఆ పద్ధతే ఆర్టు స్కూళ్ల దారిన బొంబాయికి, మద్రాసుకి, అక్కడి నుంచి మన దాకా చేరింది. ఈ కథలో అబద్ధమేమీ లేదు గాని, ఇందులో ఉన్నదంతా పనిముట్ల సంగతే. చూపు సంగతి వేరు. దక్కన్‌లో దృశ్యచిత్రానికి ప్రాణం పోసింది మకాం అని నా వాదన. చిత్రకారుణ్ణి ఒక చోటికి పిలిచి, నీడా తిండీ చూసి, నెలల తరబడి అక్కడే పని చేసుకోనిచ్చే ఏర్పాటునే ఇవాళ ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటున్నాం. పేరు కొత్తది. నిజాం రాజ్యంలో పద్ధతి పాతది. దాన్ని పరీక్షించి చూడటానికి తార్నాక, దాన్ని ఆనుకున్న ఉస్మానియా ప్రాంగణం కన్నా మంచి చోటు నగరంలో నాకు కనబడదు.

ముందు రంగుల సంగతే తేల్చుకుందాం. తగరపు గొట్టానికి అరవై ఏళ్ల ముందే ఇంగ్లండులో నీటిరంగు బిళ్లలు అమ్మకానికి వచ్చాయి. సైనికాధికారులు, సర్వేయర్లు వాటిని తమ సామానుతో పాటు ఇక్కడికి తెచ్చుకున్నారు. 1790లలో నిజాం రాజ్యంలో సర్వే చేసిన కాలిన్ మెకంజీ సేకరణలో వందల కొద్దీ చిత్తరువులున్నాయి. రంగులకు, కాగితానికి, ఆరుబయటకు కొరత లేదు. అయినా ఆ బొమ్మల నుంచి ఇక్కడ దృశ్యచిత్ర సంప్రదాయం ఏదీ మొలకెత్తలేదు. అవి దారివెంట పోతూ గీసినవి. ఒక కోట, ఒక గుడి, ఒక చెరువు కట్ట, మర్నాడు మరో ఊరు. కొలతకు, గుర్తుకు అవి పనికొస్తాయి, ఆ పనికే గీశారు కూడా. కొండను పొద్దున చూసినవాడు సాయంత్రం మళ్లీ చూసేసరికి అది మారిపోయిందని గ్రహించే తీరిక ఆ ప్రయాణంలో లేదు.

తీరిక దొరికింది అజంతాలో. ఆ గుహలు నిజాం రాజ్యంలోవని ఈ రోజు మనం తరచూ మరిచిపోతాం. మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్‌ను 1844లో ఈస్టిండియా కంపెనీ అక్కడి కుడ్యచిత్రాలకు నకళ్లు తీయమని పంపింది. వెళ్లినవాడు 1879లో చనిపోయేదాకా ఆ చుట్టుపక్కలే ఉండిపోయాడు. ఆయన పెద్ద పెద్ద తైలచిత్రాలు చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. తరువాత జాన్ గ్రిఫిత్స్ 1872 మొదలు 1885 దాకా బొంబాయి జె.జె. స్కూలు విద్యార్థులతో ఆ పని మళ్లీ మొదటి నుంచి చేయించాడు. 1909-11 మధ్య శీతకాలాల్లో ఇంగ్లీషు చిత్రకారిణి క్రిస్టియానా హెరింగామ్ అక్కడ విడిది చేసింది. నిజాం ప్రభుత్వం సాయపడింది. ఆమెతో పని చేయడానికి కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ వంటి యువకులు వచ్చారు, హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్ వెళ్లాడు. హెరింగామ్ పుస్తకం 1915లో అచ్చయింది, ఆమె బృందం ఇళ్లకు వెళ్లిపోయింది. సయ్యద్ అహ్మద్ మాత్రం అజంతాను వదల్లేదు. 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో హైదరాబాదు పురావస్తు శాఖ ఏర్పడ్డాక ఆయన ఆ గుహలకే క్యూరేటర్ అయ్యాడు. ఏ ప్రకటనా లేకుండా, దరఖాస్తు ఫారమూ లేకుండా, మన రాజ్యంలో ఒక చిత్రకారుడికి దొరికిన అతి సుదీర్ఘమైన రెసిడెన్సీల్లో అదొకటి.

గుహలో కూర్చుని పాత బొమ్మకు నకలు తీయడానికీ, ఎండలో బండను చూసి గీయడానికీ పొత్తెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అజంతా పని దృశ్యచిత్రమని నేననడం లేదు. అక్కడ అలవడిన క్రమశిక్షణ గురించే నా మాట. గుహ లోపలి గోడ మీదికి వెలుతురు రోజంతా ఒక్క తీరుగా రాదు. ఏ గదిలో ఏ వేళ ఏ మూల కనబడుతుందో తెలుసుకుని, ఆ వేళకు అక్కడ ఉండి, వెలుతురు పోగానే ఆపి, మర్నాడు అదే వేళకు మళ్లీ రావాలి. ఆరుబయట బొమ్మ వేసేవాడు నేర్చుకోవలసిన మొదటి పాఠం సరిగ్గా ఇదే. చిత్రకారుడు తన గడియారాన్ని సూర్యుడి చేతికి అప్పగించడం అక్కడే మొదలైంది. రెండో సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. అజంతాలో పని చేసిన నందలాల్ తరువాత శాంతినికేతన్ కళాభవన్‌కు పెద్దయ్యాడు. విద్యార్థులను ఎర్రమట్టి కోతల్లోకి, తాళ్లతోపుల్లోకి తీసుకెళ్లి, చెట్టును చాలాసేపు చూడమని, తరువాతే గీయమని నేర్పాడు. ఆయన దగ్గరికి 1950 ప్రాంతంలో హైదరాబాదు ఆర్టు స్కూలులో చదివిన ఒక తెలుగు యువకుడు వెళ్లాడు. ఆయన కొండపల్లి శేషగిరిరావు.

కొండపల్లి 1924లో ఓరుగల్లు ప్రాంతంలోని పెనుగొండలో పుట్టాడు. ఆయన ప్రతిభను గుర్తించి చేయూతనిచ్చినవాడు మెహదీ నవాజ్ జంగ్. బంజారాహిల్స్ బండలను పగలగొట్టించకుండా వాటి నడుమనే ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ ఆ గుట్టల మీద ఆయన అతిథిగా ఉండి, ఆ బండల మీద ఒక కవిత రాశాడు. అంటే కొండపల్లిని శాంతినికేతన్‌కు చేర్చిన చేయీ, నగరపు రాళ్లకు విలువ కట్టిన చూపూ ఒకే మనిషివి. చదువు ముగించి తిరిగి వచ్చిన కొండపల్లి ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో తరాల విద్యార్థులకు పాఠం చెప్పాడు. పురాణ, కావ్య దృశ్యాల చిత్రకారుడిగానే ఆయన ఎక్కువమందికి తెలుసు గాని, హైదరాబాదు రాళ్లను అంత ప్రేమగా గీసినవాళ్లు అరుదు. అజంతాలో మొదలై, వంగదేశం వెళ్లి, మళ్లీ దక్కన్ బండ దగ్గరికే తిరిగొచ్చిన ఈ దారిని చూసినప్పుడు మన దృశ్యచిత్రానికి తగరపు గొట్టం ఒక్కటే తల్లి అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. గోదావరి ఒడ్డున జరిగిందీ దీనికి దూరం కాదు. చిత్రకారుడు దామెర్ల రామారావుకు ఇంగ్లీషు నీటిరంగుల దారి చూపిన ఆస్వాల్డ్ కూల్డ్రే రాజమండ్రి కాలేజీకి ఏళ్ల తరబడి ప్రిన్సిపాల్. ఆ నదిని రోజూ చూస్తూ బతికిన మనిషి. పద్ధతి పడమటిదే, అయినా అది నాటుకున్నది మకాం వల్లనే.

ఇక తార్నాక. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడ ముళ్లతీగ కంచె వేసిన తోట, దానికో కాపలా గది ఉండేవనీ, అందుకే ఆ పేరనీ చెప్పుకుంటారు. ఆ పక్క అడిక్‌మెట్ ప్రాంతం కవయిత్రి, ఆస్థాన నర్తకి మహ్ లఖా బాయి చందా జాగీరని చరిత్రకారులు రాశారు. ఆమె పేరుతో పిలిచే మెట్లబావి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ప్రాంగణంలో ఇప్పటికీ ఉంది. తల్లి కోసం ఆమె కట్టించి, 1824లో తానూ ఒరిగిన సమాధి మౌలాలి గుట్ట పాదాన ఉంది. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం చాలా ఏళ్లు నగరం మధ్య అద్దె భవనాల్లో నడిచింది. నగర ప్రణాళికావేత్త ప్యాట్రిక్ గెడ్డెస్ సలహాతో అడిక్‌మెట్ నేలను ఎంచుకున్నాక, 1934 జులై 5న ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి పడింది. బెల్జియన్ వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆ గులాబి గ్రానైట్ కట్టడం 1939 డిసెంబరు 4న తెరుచుకుంది. జాగీరు, తోట, విశ్వవిద్యాలయం: యజమానులు మారారు గాని కంచె మారలేదు. చుట్టూ సికింద్రాబాదు, సీతాఫల్‌మండి, హబ్సిగూడ ఇళ్లతో నిండిపోతున్నా ఇక్కడ బండలకు, పొదలకు చోటు మిగిలింది ఆ కంచె వల్లనే. కంచెలోపల మిగిలిన ఖాళీ అంటే చిత్రకారుడికి రేపు కూడా వచ్చి కూర్చోగల చోటు. రోడ్డు పక్క స్టూలు వేసుకున్నవాడికి ఆ భరోసా ఉండదు.

ఆ భరోసా బొమ్మలో ఏం మార్పు తెస్తుంది? ప్రాంగణం నుంచి చూస్తే మౌలాలి గుట్ట ఈశాన్య దిక్కున, నాలుగైదు కిలోమీటర్ల దూరాన ఉంటుంది. పొద్దున ఎండ చూసేవాడి కుడి వైపు నుంచి పడి గుట్ట తూర్పు చెంపను వెలిగిస్తుంది, సాయంత్రం ఎడమ చెంపను. చలికాలపు మధ్యాహ్నం సూర్యుడు చూసేవాడి వెన్ను వైపు ఉంటాడు గనుక నీడలన్నీ గుట్ట వెనక్కి పోతాయి, అంత పెద్ద రాయీ కాగితం ముక్కలా పలచబడుతుంది. ఒక్క మధ్యాహ్నం వచ్చి గీసినవాడు దాన్ని పలచగానే గీస్తాడు. అతని తప్పేం లేదు, అతనికి కనబడింది అదే. మన పెద్దలు నిజం నిలకడ మీద తెలుస్తుందన్నది మనుషుల గురించే అయినా, రాయికి ఆ మాట ఇంకా బాగా అతుకుతుంది. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల చల్లారి గట్టిపడిన రాయి, పైనున్న పొరలు కోసుకుపోయాక బయటపడి, పగుళ్ల వెంట నీరు దిగి మూలలు అరిగి గుండ్రమైంది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనబడే గుండ్లు నిజానికి ఒకే రాయి విడిపోగా మిగిలినవి. ఈ సంగతి తెలిసినవాడు గుండుకీ గుండుకీ మధ్య సందును ముందు గీస్తాడు. తెలియనివాడు గుండ్లను విడివిడిగా గీసి పేరుస్తాడు, బొమ్మలో అవి జారిపడేట్టు ఉంటాయి.

దీనికి ఎదురుగా బలమైన వాదన ఒకటుంది. ఎక్కువకాలం ఉంటే కన్ను మొద్దుబారుతుంది, కొత్తగా వచ్చినవాడికే వింత కనబడుతుంది, కాబట్టి పది రోజుల ఆర్ట్ క్యాంపు, నెలరోజుల రెసిడెన్సీ చాలు, అదే మేలు అని. టాగూర్‌నే సాక్ష్యంగా తేవచ్చు. కొద్దిరోజుల అతిథి అయివుండీ, ఇక్కడే పుట్టినవాళ్లు పట్టించుకోని బండల మీద కవిత రాశాడు. రోజూ ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి వెళ్లేవాళ్లలో ఆ రాతిరంగు గమనించినవాళ్లు ఎందరన్నదీ న్యాయమైన ప్రశ్నే. కొత్త కన్ను విలువను నేను కాదనను. అయితే ఉండటం వేరు, పని మీద ఉండటం వేరు. ఇంటి ముందున్న గుట్టను ముప్పై ఏళ్లు చూడకుండా బతకవచ్చు, నిజమే. అక్కడే మకాం వేసి రోజూ గీసేవాడి చెయ్యి మాత్రం నిన్నటి బొమ్మతో నేటిది పోల్చక తప్పదు. ఆ పోలికే కంటిని మొద్దుబారనివ్వదు. కొత్తవాడికి కలిగిన ఆశ్చర్యానికి కవిత చాలు. చిత్రానికి ఆ ఆశ్చర్యం నిజమో కాదో మళ్లీ మళ్లీ వచ్చి చూసుకోవాలి. ఫొటో తీసుకుని ఇంటి దగ్గర గీసుకోవచ్చు కదా అన్నదానికి గిల్ జీవితమే జవాబు. అజంతాలో ఆయన కెమెరా కూడా పట్టాడు, ఫొటోలు తీశాడు. అయినా కుంచె వదల్లేదు, ఆ చోటూ వదల్లేదు.

ఉండిపోయినవాళ్లే ఒక చోటు కోసం పోట్లాడతారన్నది ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించే సంగతి. బార్బిజాన్‌లో స్థిరపడ్డ థియోడర్ రూసో, అతని స్నేహితులు ఫాంటెన్‌బ్లో అడవిలో చెట్ల నరికివేతకు ఎదురు నిలిచారు. చివరికి 1861లో 1,097 హెక్టార్ల అడవిని కళ కోసం కాపాడుతూ చక్రవర్తి ఉత్తర్వు వెలువడింది. మన దగ్గర సొసైటీ టు సేవ్ రాక్స్ 1996లో ఏర్పడింది. దాని వెనక నిలిచిన నరేంద్ర లూథర్ బంజారాహిల్స్‌లో బండను లోపలే ఉంచుకుని ఇల్లు కట్టినవాడు. కొన్ని శిలాస్థలాలు వారసత్వ జాబితాకు ఎక్కాయి. వాటిలో గచ్చిబౌలి హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని పుట్టగొడుగు బండ ఒకటి. కానీ అప్పటికే ఎన్నో గుట్టలు కంకరగా మారి రోడ్ల కిందికి, శ్లాబుల్లోకి వెళ్లిపోయాయి. అవి ఎలా ఉండేవో చెప్పడానికి కొన్నింటికి బొమ్మ కూడా లేదు.

అందుకే ఉస్మానియాలోనో ఇఫ్లూలోనో చిత్రకారులకు విడిది ఏర్పాటు చేసేవాళ్లను నేను అడిగేది కాలం గురించే. గది చిన్నదైనా, భత్యం తక్కువైనా సర్దుకోవచ్చు. ఉగాది నుంచి ఉగాది దాకా ఏడాది ఇవ్వండి. మార్చి, ఏప్రిల్‌లో గడ్డి ఎండి, బండ నేలతో కలిసిపోయి ఉంటుంది. భాద్రపదం దాటాక పొదల్లో సీతాఫలం కాయ పండుతుంది, పక్క పేటకు ఆ పేరెందుకు వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. బండ మీద పైనుంచి కిందికి సన్నగా దిగే నల్లచారలు కనబడతాయి. చలికాలం వచ్చి వెళ్లిపోయిన చిత్రకారుడు వాటిని నీడలనుకునో పగుళ్లనుకునో గీస్తాడు. జూన్‌లో తొలివాన గట్టిగా పడిన రోజు అక్కడే ఉన్నవాడికి, బండ నెత్తి మీద పడిన నీళ్లన్నీ ఆ చారల వెంటే దిగి రావడం కనబడుతుంది.