ఆంగ్ల సంక్షిప్త రూపాల ముందు అనిర్దిష్ట ఉపపదం

ఆంగ్ల భాషలో నామవాచకానికి ముందు వచ్చే 'ఎ', 'యాన్' అనే పదాలను అనిర్దిష్ట ఉపపదాలు అంటారు. ఇవి రెండూ 'ఒక' అనే అర్థాన్నే ఇస్తాయి. పొడి అక్షరాలతో ఏర్పడిన సంక్షిప్త రూపాల ముందు వీటిలో ఏది రావాలనేది, ఆ రూపాన్ని చదివేటప్పుడు మొదట వినిపించే ధ్వనిని బట్టి నిర్ణయమవుతుంది. రాతలో కనిపించే మొదటి అక్షరం అచ్చా, హల్లా అన్నది గాని, దాని పూర్తి రూపం ఏమిటన్నది గాని ఇక్కడ ప్రమాణం కాదు.

నేపథ్యం

'ఒకటి' అనే అర్థం గల ప్రాచీన ఆంగ్ల పదం 'ఆన్' నుండి ఈ రెండు ఉపపదాలు పుట్టాయి. కాలక్రమంలో హల్లుకు ముందు నకారం లోపించి 'ఎ' ఏర్పడింది. అచ్చుకు ముందు నకారం నిలిచిపోయింది. అందువలన ఈ నియమం రాతను కాక ఉచ్చారణను అనుసరిస్తుంది. 'ఏ, ఇ, ఐ, ఓ, యు అనే ఐదు అక్షరాల ముందు యాన్ రావాలి' అని పాఠశాలల్లో చెప్పే సూత్రం సంక్షిప్త రూపాల విషయంలో సరిపోదు.

అక్షరాల పేర్లు

ఆంగ్లంలోని 26 అక్షరాలను వాటి పేర్లలోని తొలి ధ్వనిని బట్టి రెండు వర్గాలుగా విభజించవచ్చు.

* అచ్చు ధ్వనితో మొదలయ్యేవి 12: ఏ, ఇ, ఎఫ్, హెచ్, ఐ, ఎల్, ఎం, ఎన్, ఓ, ఆర్, ఎస్, ఎక్స్. వీటి ముందు 'యాన్' వస్తుంది.
* హల్లు ధ్వనితో మొదలయ్యేవి 14: బి, సి, డి, జి, జె, కె, పి, క్యు, టి, యు, వి, డబ్ల్యు, వై, జెడ్. వీటి ముందు 'ఎ' వస్తుంది.

ఉదాహరణకు పార్లమెంటు సభ్యుని పూర్తి పదంతో చెప్పినపుడు 'ఎ మెంబర్ ఆఫ్ పార్లమెంట్' అంటారు, పొడి అక్షరాలతో చెప్పినపుడు 'యాన్ ఎం.పి.' అంటారు. దీనికి విరుద్ధంగా 'యాన్ అన్ఐడెంటిఫైడ్ ఫ్లయింగ్ ఆబ్జెక్ట్' అనేది పొడి అక్షరాలలో 'ఎ యు.ఎఫ్.ఓ.' అవుతుంది. ఇదే విధంగా యాన్ ఎఫ్.ఐ.ఆర్., యాన్ ఎల్.ఐ.సి. పాలసీ, యాన్ ఎక్స్-రే, ఎ బి.ఎస్సీ. డిగ్రీ, ఎ యు.ఆర్.ఎల్. అనేవి సరైన ప్రయోగాలు.

తెలుగువారికి ఎదురయ్యే చిక్కులు

తెలుగు పలుకుబడిలో పదం మొదట ఉన్న ఎకారానికి ముందు యకారం చేరే అలవాటు ఉంది. అందుకే ఎం.ఏ., ఎల్.ఐ.సి., ఎస్.పి. అనే వాటిని యం.ఏ., యల్.ఐ.సి., యస్.పి. అని రాయడం కనిపిస్తుంది. ఈ యకారం ఆంగ్ల ఉచ్చారణలో లేదు కనుక వీటి ముందు 'యాన్' రావాలి. 'యు' అక్షరం పేరులో మాత్రం యకారం ఆంగ్లంలోనూ ఉంది. దాని ముందు 'ఎ' రావాలి.

రెండవ చిక్కు 'హెచ్' అక్షరం. దీనిని తెలుగువారు హకారంతో పలుకుతారు. ఐర్లండ్‌లోనూ, బ్రిటన్‌లో కొందరిలోనూ ఇదే అలవాటు ఉంది. అయితే ఆంగ్ల నిఘంటువులు ప్రధానంగా చూపే ఉచ్చారణ 'ఎయిచ్'. అందువలన ప్రామాణిక రచనలో 'యాన్ హెచ్.ఐ.వి. టెస్ట్' అని రాస్తారు. పోటీ పరీక్షలకు, ఉద్యోగ దరఖాస్తులకు ఈ రూపాన్నే పాటించడం మంచిది.

పదంగా చదివే సంక్షిప్త రూపాలు

కొన్ని సంక్షిప్త రూపాలను అక్షరాలుగా విడదీయకుండా ఒకే పదంగా చదువుతారు. అప్పుడు ఆ పదం మొదటి ధ్వనిని చూడాలి. 'సిమ్', 'ఎస్.ఎం.ఎస్.' రెండూ రాతలో ఒకే అక్షరంతో మొదలవుతాయి. అయినా ఎ సిమ్ కార్డ్, యాన్ ఎస్.ఎం.ఎస్. అని వేరువేరు ఉపపదాలు వస్తాయి. ఎ నాసా సైంటిస్ట్, యాన్ ఎన్.జి.ఓ. అనేవి ఇటువంటి మరొక జంట.

ఎం, ఆర్ అక్షరాలతో రాసినప్పటికీ 'మిస్టర్' అని పూర్తిగా చదువుతారు కనుక 'ఎ మిస్టర్ రావు' అనాలి.

రెండు విధాలా చెల్లేవి

కంప్యూటర్ రంగంలోని ఎస్.క్యు.ఎల్. అనే భాష పేరును కొందరు అక్షరాలుగా, మరికొందరు 'సీక్వెల్' అని చదువుతారు. మొదటి పద్ధతిలో 'యాన్', రెండవ పద్ధతిలో 'ఎ' వస్తాయి. రెండూ సరైనవే, ఒక రచనలో మొదటి నుండి చివరి వరకు ఒకే పద్ధతిని పాటించాలి.

విశేషణం చేరినప్పుడు

ఉపపదానికి, సంక్షిప్త రూపానికి మధ్య విశేషణం వస్తే, ఆ విశేషణపు తొలి ధ్వనినే లెక్కలోకి తీసుకోవాలి. 'యాన్ ఎం.ఎల్.ఏ.' అన్నది 'ఎ సీనియర్ ఎం.ఎల్.ఏ.' అవుతుంది, 'ఎ సి.ఎం.' అన్నది 'యాన్ ఆనెస్ట్ సి.ఎం.' అవుతుంది.