శనిగ్రహం చందమామ

శని పేరు చెబితే మనకు ఏలినాటి శనే గుర్తొస్తుంది. ఆ శనిగ్రహానికీ చందమామలున్నాయి. అన్నిటికన్నా పెద్దది టైటన్. 1655లో డచ్చి దేశస్థుడు హైగెన్స్ దాన్ని కనిపెట్టాడు. దాని చుట్టూ గాలి ఉందని 1944లో కైపర్ తేల్చాడు.

1977లో అమెరికా వారు పంపిన వాయేజర్-1కి ప్లూటో వైపు వెళ్లే వీలుండేది. అది వదులుకుని 1980 నవంబరులో టైటన్ దగ్గరకు పోనిచ్చారు. తీరా చూస్తే నారింజరంగు మంచుతెర తప్ప నేల కనపడలేదు! పుష్యమాసంలో మన గోష్పాద క్షేత్రం రేవులో నిలబడితే అవతల రాజమండ్రి కనపడదు చూడండి, అలాగన్నమాట.

మరి ఆ శ్రమంతా గోదాట్లో కలిసినట్టేనా? కాదండీ. అక్కడి గాలిలో నత్రజనే ఎక్కువనీ, నేలమీద దాని ఒత్తిడి మన గాలికి ఒకటిన్నర రెట్లనీ ఆ ప్రయాణంలోనే తెలిసింది. ఆ లెక్కలు పట్టుకునే తరవాతివాళ్లు ప్యారాచూట్లతో దిగే నౌకను తయారుచేశారు.

హైగెన్స్ పేరే పెట్టుకున్న ఆ యూరోపు నౌక 1997లో కాసినితో కలిసి బయల్దేరి, 2005 జనవరి 14న రెండున్నర గంటలసేపు మెల్లగా దిగి, టైటన్ నేలను తాకింది. ఫొటోలో ఏటి అడుగున ఒరుసుకున్నట్టు నున్నటి గులకరాళ్లు! అవి నీటి మంచుగడ్డలు. వాటిని అరగదీసింది ద్రవ మీథేన్ అని శాస్త్రజ్ఞుల మాట.

మొదట వెళ్లినవారికి నేల కనపడకపోయినా, వెనక వచ్చేవారికి దారి దొరికింది.