స్మారకము: పదార్థ విచారణ, రాయలసీమ సాక్ష్యము

గతాన్ని మనసుకు తెచ్చే వస్తువును తెలుగువారు స్మారకమనీ, జ్ఞాపిక అనీ, ఆనవాలు అనీ, గురుతు అనీ వ్యవహరిస్తారు. లోకవ్యవహారంలో ఈ పదాలు ఒకదాని స్థానంలో మరొకటి వస్తున్నా, వాటి అర్థాలు ఒకటి కావు. ఆ భేదం తెలిస్తే దేవాలయ ప్రాంగణంలోని ప్రాచీన శిలను చూసే దృష్టి మారుతుంది.

స్మృ ధాతువుకు ప్రేరణార్థం చేరగా స్మారక శబ్దం ఏర్పడింది. స్మరించేవాడు స్మర్త, స్మరింపజేసేది స్మారకం. అంటే ఈ ఒక్క పదం ఇద్దరిని అపేక్షిస్తున్నది: గుర్తు చేసే వస్తువు ఒకటి, గుర్తు తెచ్చుకునే చేతనుడు ఒకడు. చేతనుడు లేనిచోట వస్తువు ఉంటుంది గాని, దానికి స్మారకమనే పేరు అన్వయించదు.

జ్ఞాపక శబ్దం కథ వేరు. సంస్కృతంలో జ్ఞాపకమంటే తెలియజేసేది. వ్యాకరణశాస్త్రంలో సూత్రకారుని అభిప్రాయాన్ని పట్టి ఇచ్చే సూచనకు ఈ పేరు. తెలుగులో ఈ పదం అర్థం మార్చుకొని స్మృతికే పర్యాయమైంది. సభలలో శాలువాతో పాటు అందించే జ్ఞాపిక ఈ తెలుగు అర్థం నుండి వచ్చినదే.

ఆనవాలు అచ్చమైన వాడుక మాట. సంస్కృతంలో దీనికి దగ్గరి పదం అభిజ్ఞానం. అశోకవనంలో హనుమంతుడు సీతమ్మకు సమర్పించిన అంగుళీయకం, ఆమె రామునికై ఇచ్చి పంపిన చూడామణి ఆనవాళ్ళు. వచ్చిన దూత నమ్మదగినవాడని నిరూపించడం వాటి మొదటి ప్రయోజనం. వాటిని చూసినంతనే ఎడబాటులోని ఇద్దరి హృదయాలు ద్రవించడం స్మారక ప్రయోజనం. ఒకే వస్తువు రెండు పనులూ చేసింది గాని, ఆ పనులు రెండూ వేర్వేరు.

స్మృతి ఎలా పుడుతుందో న్యాయశాస్త్రం స్పష్టంగా నిరూపించింది. అనుభవం ఆత్మలో సంస్కారాన్ని నిలుపుతుంది. ఆ సంస్కారం నిద్రాణంగా ఉండి, ఉద్బోధకం తగిలినప్పుడు మేల్కొని స్మృతిగా పరిణమిస్తుంది. గౌతమ మహర్షి న్యాయసూత్రాల తృతీయాధ్యాయంలో చిహ్నం, సాదృశ్యం, వియోగం, సుఖదుఃఖాలు మొదలైన స్మృతి హేతువులను పరిగణించాడు. ఈ లెక్కన స్మారకం ఉద్బోధకం మాత్రమే. అది సంస్కారాన్ని మేల్కొలుపుతుందే గాని, లేని సంస్కారాన్ని సృష్టించలేదు.

ఇక్కడ ఒక శంక కలుగుతుంది. కడప జిల్లా ఎర్రగుంట్ల సమీపంలోని కలమళ్ళలో రేనాటి చోళుల నాటి శాసనం లభించింది. ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేరు గల ఆ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, తెలుగు భాషలో లభించిన తొలి శాసనంగా ప్రసిద్ధి పొందింది. నేడు జీవించి ఉన్నవారెవరూ ఆ కాలాన్ని అనుభవించలేదు. అనుభవం లేనిదే సంస్కారం లేదు, సంస్కారం లేనిదే స్మృతి లేదు. మరి ఆ శిల ఎవరికి స్మారకం?

సమాధానం శాస్త్రంలోనే ఉంది. అనుభవమంటే ప్రత్యక్షం ఒక్కటే కాదు, శబ్దం కూడా ప్రమాణమే. గురుముఖతః విన్నది, గ్రంథం ద్వారా గ్రహించినది కూడా సంస్కారాన్ని నిలుపుతుంది. ధనంజయుని చరిత్రను విన్నవాడికి ఆ శిల స్మారకమవుతుంది. విననివాడికి అది రాయి.

కర్నూలు జిల్లా ఎర్రగుడి దీనికి దృష్టాంతం. అక్కడి బండలపై అశోకుని ధర్మలిపులు రెండు వేల ఏళ్ళకు పైగా నిలిచి ఉన్నాయి. కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, మరికొన్ని కుడి నుండి ఎడమకు సాగుతాయి. కాలక్రమంలో బ్రాహ్మీలిపిని చదవగలవారు లేకపోయారు. 1837 నాటికి జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని మళ్ళీ చదివాడు. 1929లో ఎర్రగుడి శాసనాలు పండిత లోకం దృష్టికి వచ్చాయి. అక్షరాలు చెక్కుచెదరకున్నా, నడుమ శతాబ్దాల పాటు అవి ఎవరికీ దేనినీ స్మరింపజేయలేదు.

దీనికి ప్రతిగా కడపలోని బ్రౌన్ స్మారక గ్రంథాలయాన్ని చూడవచ్చు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తాళపత్రాలను సేకరింపజేసి, పండితులచేత పరిష్కరింపజేశాడు. ఆయన నివసించిన చోట జానుమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో వెలసినది విగ్రహం ఒక్కటే కాదు, గ్రంథాలయం. అక్కడ పుస్తకం తెరిచిన ప్రతి పాఠకుడిలోనూ కొత్త సంస్కారం ఏర్పడుతున్నది. ఉద్బోధకంతో పాటు సంస్కారాన్నీ సమకూర్చడం వల్ల ఆ పేరు అక్కడ సార్థకమైంది.

సంగమేశ్వరం మరొక పాఠం చెబుతున్నది. శ్రీశైలం జలాశయం నిండిన నాటి నుండి ఈ సప్తనదీ సంగమ క్షేత్రం ఏటా చాలా నెలలు నీటిలోనే ఉంటుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఆలయం బయటపడుతుంది, భక్తులు తరలివస్తారు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పే వేపదారు లింగానికి పూజలు జరుగుతాయి. ఆలయం కనబడని నెలలలో కూడా భక్తుల మనసులో సంస్కారం చెరగలేదు గనుకనే ఈ రాక సాధ్యమవుతున్నది.

ఒక వివేకం మాత్రం అవసరం. మంత్రాలయంలో 1671లో శ్రీ రాఘవేంద్రస్వామి సజీవంగా ప్రవేశించిన బృందావనాన్ని భక్తులు స్మారకమనరు, సన్నిధి అంటారు. గతించినదానికి స్మారకం, ఉన్నదానికి సన్నిధి. ఈ తారతమ్యం మరచి ఆలయాన్ని కేవలం పురావస్తువుగా చూడడం ఎంత పొరపాటో, ఆలయ గోడమీది చరిత్రను నిర్లక్ష్యం చేయడమూ అంతే పొరపాటు.

నేడు రెండవ పొరపాటే ఎక్కువగా కనిపిస్తున్నది. జీర్ణోద్ధరణ పేరిట శాసనాలపై సున్నం, రంగు పడుతున్నాయి. అక్షరాలున్న రాళ్ళు నాపరాతి పరుపు కింద కప్పబడిపోతున్నాయి. భక్తితో చేసిన పనే దాతల పేర్లను, వారి ధర్మాలను తుడిచివేస్తున్నది. నిత్యదీపానికి భూమినిచ్చిన పూర్వికుని కీర్తి ఆ అక్షరాలలోనే నిలిచి ఉంది.

ఉపాయం మన ఆచారంలోనే ఉంది. తెలుగునాట పూజకు కూర్చున్న గృహస్థు సంకల్పంలో తాను శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాడో చెప్పుకుంటాడు. ఏ శిలమీదా చెక్కకున్నా, నిత్యోచ్చారణ వల్ల శ్రీశైలం ప్రతి ఇంటా స్మృతిలో నిలిచింది. అదే విధంగా ఉత్సవదినాన, భక్తజనం కూడినప్పుడు, ఆలయ శాసనాన్ని పైకి చదివి అర్థం చెప్పే నియమం పెట్టుకోవచ్చు. విన్న బాలురలో సంస్కారం నిలుస్తుంది. వారు పెద్దవారై ఆ శిలముందు నిలిచినప్పుడు అది వారికి స్మారకమవుతుంది.