గోల్కొండ ఎవరిది?

మమ్మల్ని చూడగానే చాలామందికి ఇద్దరు గుర్తొస్తారు. ఒకడు ఔరంగజేబు, ఇంకొకడు కాశిం రజ్వీ. ఇద్దరికీ మధ్య రెండున్నర శతాబ్దాల దూరం. అయినా ఇద్దరి లెక్కలూ మా ఖాతాలోనే రాస్తారు. తాండూరులో నాపరాయి కోసే సాయిబుకీ, వికారాబాద్ స్టేషన్ ముందు అరటిపండ్ల బండి పెట్టుకున్న సాయిబుకీ వాళ్ళతో ఏం చుట్టరికమో ఎవరూ చెప్పరు. నవాబుల ఆస్తికి మేం వారసులం కాదు. నవాబుల మీది కోపానికి మాత్రం వారసులం.

పేర్లు మాత్రం నవాబులవే. వికారాబాద్ అన్న పేరు పాయెగా నవాబు వికార్ ఉల్ ఉమ్రా మీద వచ్చింది. హైదరాబాద్ దక్షిణాన గుట్ట మీద 1884లో ఫలక్‌నుమా మహల్ మొదలుపెట్టిందీ ఆయనే. అది తర్వాత ఆరో నిజాం చేతికి పోయింది. 2010 నుంచి పెద్ద హోటల్. అక్కడ ఒక రాత్రి పండుకోవాలంటే మా బస్తీలో కూలీ ఎన్ని నెలలు రాయి కోయాలో! అందుకే పట్నం చూపించమని పిల్లలు ప్రాణం తీస్తే మేం ఫలక్‌నుమా గుట్టకు పోలేదు. టికెట్ కొంటే ఎవర్నయినా రానిచ్చే గోల్కొండ గుట్టకు పోయాం.

తాండూరు నుంచి లింగంపల్లి దాకా రైలు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో నిజాం వేయించిన లైను ఇది. దాదీ కిటికీ పక్కన కూచుంది. ఆమె పుట్టినప్పుడు తాండూరు గుల్బర్గా జిల్లాలో, హైదరాబాద్ రాజ్యంలో ఉంది. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు తాండూరు తాలూకాను తెచ్చి హైదరాబాద్ జిల్లాలో కలిపారు, ఆంధ్రప్రదేశ్ అన్నారు. 1978లో రంగారెడ్డి జిల్లా అయింది. 2014లో తెలంగాణ, 2016లో వికారాబాద్ జిల్లా. దాదీ ఇల్లు కదల్లేదు, గడప మారలేదు. నాలుగు జిల్లాలు, మూడు రాష్ట్రాలు ఆమె గుమ్మం ముందు నుంచి పోయాయి. అయినా 'మీవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా?' అని ఆమెనే అడుగుతారు.

పోలీస్ యాక్షన్ మాట వస్తే దాదీ మాట్లాడదు, తస్బీ తీస్తుంది. 1948 సెప్టెంబర్ తర్వాత సంస్థానంలో జరిగింది చూసి రమ్మని ఢిల్లీ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్‌ను, ఖాజీ అబ్దుల్ గఫార్‌ను పంపింది. చచ్చిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేలు, 40 వేల దాకా ఉండొచ్చని వాళ్ళు రాశారు. ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌ల పేర్లు చెప్పారు. ఆ కాగితాలు జనానికి అందుబాటులోకి వచ్చింది 2013లో. రజాకార్ల దౌర్జన్యాన్ని మేం దాచిపెట్టం. 'ఇమ్రోజ్' పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపింది వాళ్ళే. ఆయనా మావాడే. కాని రజ్వీ పేరు తెలిసినంత మందికి షోయబుల్లా పేరు తెలియదు.

కోటలో దాదీ కింద చెట్టు నీడన కూచుంది, బగారా అన్నం డబ్బాలకు కాపలా. బాలాహిస్సార్ దర్వాజా గుమ్మటం కింద అందరిలాగే మేమూ చప్పట్లు కొట్టాం. పైన వినబడిందో లేదో అడిగి చెప్పేవాళ్ళు లేరు. రామదాసు బందిఖానా దగ్గర గుంపు ఆగింది. గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే బొమ్మలకు పసుపూ కుంకుమా. పిల్లలు కూడా ఎడంగా నిలబడి చూశారు. గుంపులోంచి ఒకాయన తన కొడుక్కి చెబుతున్నాడు: 'చూశావా, తురకోళ్ళ రాజ్యంలో దేవుడికి గుడి కట్టినందుకు జైల్లో పెట్టారు.' ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి మా మొహం వైపు చూసింది. ఆ చూపుకి ఏదో ఒక జవాబు చెప్పాలి కదా. మెట్లెక్కుతూ చెప్పుకుంటూ పోయాం.

కంచర్ల గోపన్న భద్రాచలం వైపు తహసీల్దారు. అక్కన్న మాదన్నలకు మేనల్లుడంటారు. సర్కారు శిస్తు గుడికి ఖర్చుపెట్టాడన్నది ఆయన మీది అభియోగం. ఆ కొలువు ఇచ్చింది కూడా తానీషా ప్రభుత్వమే. తానీషా అంటే అబుల్ హసన్ కుతుబ్ షా, 1672 నుంచి 1687 దాకా ఏలినవాడు. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ కట్టారన్న కథను తెలుగువాళ్ళంతా భక్తితో చెప్పుకుంటారు. ఆ కథలో దేవుడు కనబడింది రామదాసుకు కాదు, తురక రాజుకు. దీని గురించి మాత్రం ఎవరూ ఆగి ఆలోచించరు. భద్రాచలం కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని నిజాములు సాగించారు. తెలంగాణ ప్రభుత్వమూ పంపుతోంది.

ఇక ఔరంగజేబు సంగతి. మా మీద విసిరే రాళ్ళలో పెద్ద రాయి ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. అతను గోల్కొండ మీదికి దండెత్తినప్పుడు అబుల్ హసన్ మీద మోపిన నేరాల్లో ముఖ్యమైనవి రెండు: బ్రాహ్మణ మంత్రుల చేతికి రాజ్యం అప్పజెప్పడం, మరాఠాలకు డబ్బిచ్చి సాయపడటం. రెండూ నిజమే. అక్కన్న మాదన్నలే రాజ్యం నడిపారు. 1677లో శివాజీ హైదరాబాద్ వస్తే కుతుబ్ షా మర్యాద చేశాడు. 1686లో ఆ అన్నదమ్ములిద్దరినీ కుట్ర చేసి చంపేశారు. మరుసటి ఏడు ఎనిమిది నెలల ముట్టడి. ఫిరంగులకు లొంగని కోట లంచానికి లొంగింది. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు తలుపు తీశాడు. అబ్దుర్ రజాక్ లారీ మాత్రం ఒళ్ళంతా గాయాలయ్యే దాకా కొట్లాడాడు. తలుపు తీసినవాడూ మావాడే, తలుపు దగ్గర రక్తం కార్చినవాడూ మావాడే. ముట్టడించిన పాదుషా సున్నీ, ఓడిన పాదుషా షియా. దీన్ని హిందూ ముస్లిం కథ చెయ్యాలంటే చరిత్రలో సగం చింపెయ్యాలి.

అట్లాగని కుతుబ్ షాహీలను ఔలియాలను చెయ్యం. రాజులు రాజుల్లాగే బతికారు. మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. 1543లో సొంత కొడుకు జంషీద్ చేతనే చచ్చాడు. ఇంకో కొడుకు ఇబ్రహీం పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకున్నాడు. అదే ఇబ్రహీం 1565లో తక్కిన సుల్తానులతో కలిసి ఆ రామరాయల మీదికే యుద్ధానికి పోయాడు. ఉప్పు తిన్న ఇల్లే! ఇందులో ఇస్లాం కంటే సింహాసనమే ఎక్కువ.

కాని ఆ ఇబ్రహీమే తెలుగు పద్యం విని తల ఊపినవాడు. కవులు అతన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీసంవరణోపాఖ్యానం' అతనికి అంకితమిచ్చాడు. అతని కొలువులోని అమీన్ ఖాన్ పటాన్‌చెరులో ఉండేవాడు. పొన్నిగంటి తెలగనార్యుడు తన 'యయాతి చరిత్ర'ను ఆయనకు అంకితమిచ్చాడు. తెలుగులో మొట్టమొదటి అచ్చతెనుగు కావ్యమది. సంస్కృతం ముక్క తగలకుండా రాసిన తెలుగు కావ్యాన్ని పుచ్చుకున్నవాడు ఒక ఖాన్. ఆఫీసుల్లో, పెళ్ళిళ్ళలో మమ్మల్ని మెచ్చుకునేవాళ్ళుంటారు, 'అరె, మీరు తెలుగు భలే మాట్లాడతారే!' అని. మెచ్చుకోలే కదా, ఏం అనలేం. ఇంట్లో మేం మాట్లాడే దక్కనీలో తెలుగెంతో, కన్నడమెంతో వేరుచెయ్యడం మాకే చేతకాదు. లక్నో వాళ్ళు విని నవ్వుతారు.

పైకి పోతుంటే దారిలో ఇబ్రహీం మసీదు, దాని ఎగువన బండల మధ్య జగదాంబ గుడి. ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఇక్కడే. రెండూ ఒకే గుట్ట మీద ఉన్నాయని ఊరికే మురిసిపోవడం మాకిష్టం లేదు. పక్కపక్కన ఉన్నంత మాత్రాన దోస్తీ అని కాదు. కాని ఇన్ని వందల ఏళ్ళు ఒకదాన్ని తీసేసి ఇంకొకటి పెట్టాలని ఏలినవాళ్ళకు తోచలేదు. అంతవరకు రాసుకోవచ్చు.

మాకు ఎక్కువసేపు కాళ్ళు ఆగింది గోడల దగ్గర. మా అబ్బాజాన్ రాయి పనివాడు. రాళ్ళను చేత్తో తడిమి, 'ఇది నాపరాయి కాదు బేటా, నల్ల ఉలికి కూడా లొంగదు' అన్నాడు. అంతంత గ్రానైట్ బండలు పైకి ఎత్తినవాళ్ళ పేర్లు ఏ ఫర్మానాలోనూ లేవు. వాళ్ళలో వడ్డెరలు ఎందరో, సాయిబులు ఎందరో, సాయిబులైన వడ్డెరలు ఎందరో! మా తాతల పేర్లు దొరికేది ఉంటే వాళ్ళలోనే దొరుకుతాయి, తఖ్తు మీద కాదు.

బారాదరి మీదికి ఎక్కితే పట్నమంతా కనబడుతుంది. ఇటు ఏడు గుమ్మటాల తోట, అటు అద్దాల మేడలు. మూసీ కనబడదు గాని ఉన్న దిక్కు తెలుస్తుంది. ఆ నీళ్ళు మా వైపువే. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో పుట్టి వస్తాయి. మధ్యలో 1920లో కట్టిన గండిపేట చెరువు ఆపుతుంది. 1908 వరదలో అఫ్జల్‌గంజ్‌ను ముంచిందీ ఆ నీళ్ళే అని చెబితే పిల్లలు నమ్మలేదు.

గోల్కొండ పడిపోవడానికి సరిగ్గా ఏడాది ముందు, 1686 సెప్టెంబర్‌లో, ఐరోపాలో ఇంకో గుట్ట కోట తుర్కుల చేతిలోంచి పోయింది. అది బుడా, ఇప్పటి హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో సగం. అక్కడ పట్నం మీదికి చూసే గులాబీల గుట్ట మీద గుల్ బాబా అనే దర్వేషు సమాధి ఉంది. తుర్కులు వెళ్ళిపోయాక దాన్ని కొంతకాలం క్రైస్తవుల ప్రార్థనామందిరం చేశారు. తర్వాత మళ్ళీ దర్గాగా నిలబెట్టుకున్నారు. 2018లో మరమ్మతు చేసి తెరిచారు. నూట యాభై ఏళ్ళు తమను ఏలినవాళ్ళ పీరు అది. ఇక్కడ 2025 మార్చిలో ఔరంగజేబు సమాధిని పీకెయ్యాలని గొడవ లేచి నాగపూర్‌లో ఇళ్ళూ బండ్లూ తగలబడ్డాయి.

ఆ సమాధి ఉన్న ఊరు ఖుల్దాబాద్. అబుల్ హసన్‌ను గోల్కొండ నుంచి తీసుకుపోయి దౌలతాబాద్ కోటలో పెట్టారు. ప్రాణం పోయేదాకా వదల్లేదు. అతని పెద్దలంతా ఈ గుమ్మటాల కింద పండుకున్నారు, అతనికి మాత్రం ఇక్కడ చోటు దొరకలేదు. ఖుల్దాబాద్‌లోనే పాతిపెట్టారు. గెలిచినవాడూ ఓడినవాడూ ఇప్పుడు ఒకే ఊళ్ళో ఉన్నారు. ఇది చెబితే మా అమ్మాయి, అక్కడికి రైలుందా అని అడిగింది. ఉంది. వికారాబాద్ నుంచి బీదర్, పర్లీ మీదుగా ఔరంగాబాద్‌కు పోతుంది. 2023లో ఆ ఊరి పేరు కూడా మార్చారు గాని దాదీకి ఇంకా కొత్త పేరు నోరు తిరగదు.