ఆసుపత్రి మెట్లెక్కిన యోగము



యోగ మనగానే జటాధారియైన సన్న్యాసి మన కన్నులయెదుట నిలుచును. సంసారికి దానితో పనిలేదని మన తాతల తలంపు. మనసు కలతపడి నిద్రపట్టని గృహస్థుడు వైద్యునికడకు పోయి యోగము నేర్చుకొనుట యిటీవలి మాట. దానికి సుమారు నూఱేండ్ల వయసు కలదు.

మూలము మాత్రము పాతదే. చిత్తమును చెదరగొట్టు విఘ్నములను పతంజలి తొమ్మిదింటిని పేర్కొనెను. వానిలో మొదటిది వ్యాధి. వానివెంట వచ్చునవి నాలుగు: దుఃఖము, మనసు క్రుంగుట, అవయవముల వణకు, శ్వాసము గతితప్పుట. పంట పోయి అప్పు గడువు దగ్గఱపడిన రైతును చూచినవారికి ఈ నాలుగింటిని వేఱుగ వివరింప నక్కఱలేదు.

ఈ విద్యను ప్రయోగశాలకు తెచ్చినవారిలో ముఖ్యులు కువలయానందస్వామి. వారు 1883లో గుజరాతులోని దభోయిలో జన్మించిరి. పూర్వనామము జగన్నాథ గణేశ గుణే. నర్మదాతీరమున మాల్సరులో నున్న మాధవదాసుగారిని గురువుగా నాశ్రయించిరి. గురువాక్యమును నమ్మిరి గాని, నమ్మికతోనే తృప్తిపడలేదు. నౌళి చేయువాని కడుపులో నేమి జరుగుచున్నదో ఎక్స్‌రే యంత్రముతో పరిశీలించిరి. ప్రేగులలోని పీడనమును కొలిచిరి. 1924లో పూణెకు సమీపమున లోనావళాయందు కైవల్యధామమును స్థాపించి, ఆ యేడే ‘యోగమీమాంస’ యను పత్రికను వెలువరించి, తమ పరీక్షల ఫలితములను అందు ప్రకటించిరి. పూర్వులు చెప్పిరి గనుక నిజమనుటయు, పూర్వులు చెప్పిరి గనుక అబద్ధమనుటయు ఒకే సోమరితనమని నాకు తోచును. స్వామి ఆ రెండింటికిని లొంగలేదు.

1927 మార్చిలో గాంధీగారు పర్యటనలో నుండగా రక్తపుపోటు హెచ్చి అస్వస్థులైరి. వైద్యులు విశ్రాంతి విధించిరి. మైసూరు సీమలోని నందికొండపై నుండి వారు కువలయానందులతో ఉత్తరములు నడపుచు, స్వామి సూచించిన అభ్యాసములను ప్రయత్నించిరి. దేశమంతయు తమకై వేచియుండగా ఊరక విశ్రమించుట వారికి సులభమై యుండునని నేను తలపను.

శవాసనమున కష్టమును అదియే. పేరు అమంగళమని ముఖము చిట్లించు పెద్దల నెఱుగుదును. ఘేరండసంహితలో దాని పేరు మృతాసనము, అదియు మేలుగా లేదు! స్వాత్మారాముని హఠప్రదీపిక మాత్రము అది అలసటను తీర్చి చిత్తమునకు విశ్రాంతి నిచ్చునని చెప్పుచున్నది. వెల్లకిల పండుకొని, కాళ్లు కొంచెము ఎడముగా చాచి, అరచేతులు మీదికి తిప్పి, కన్నులు మూసి, కాలివ్రేళ్లు మొదలు తలవఱకు ఒక్కొక్క యవయవమును వదులుచేసి, శ్వాసను గమనింపవలెను. చూచుటకు ఇంతే. దేహము పండుకొనును గాని మనసు గాదెలోని ధాన్యమును లెక్కించుచునే యుండును. అప్పుడు తన్ను తాను తిట్టుకొన్నచో పని చెడును. అఱువదేండ్ల దేహమును ఇరువదేండ్ల దేహముగా లేదని నిందింపక, ఉన్నదానిని ఉన్నట్లు అంగీకరింపవలెను. నియమములు అయిదింటిలో సంతోష మనబడునది ఇదియే. 1963లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రచురించిన యోగచికిత్సా గ్రంథమున కువలయానందులును డాక్టరు వినేకరును, ఆసనములతోపాటు యమనియమములను కూడ చికిత్సలో చేర్చుట గమనింపదగినది.

1969లో బొంబాయి వైద్యులు దాతే ప్రభృతులు, వినేకరు తోడుగా, రక్తపుపోటుగల 47 మంది రోగులచే శవాసనము చేయించిన ఫలితములను ప్రకటించిరి. పలువురికి పోటు తగ్గెను. మందులు వాడువారిలో కొందఱికి మందు మోతాదును తగ్గింపగలిగిరి. అందఱికిని సమానఫలము కలుగలేదు. వైద్యుల పర్యవేక్షణలో జరిగిన పని గనుక, ఇది విని మందును ఎవరికి వారు మానరాదు.

కువలయానందులు ఆ ఫలితములను చూడలేదు. అప్పటికి మూడేండ్లక్రితమే, 1966 ఏప్రిల్‌లో, వారు గతించిరి.